తండ్రి పంచింది గొడ్లనా, ఆస్తినా? పాత శతాబ్దాల ఇంగ్లిష్‌ని ఆరుగురికి వినిపించిన కేస్ స్టడీ

ఇంగ్లండ్ ఆగ్నేయ మూలన కెంట్ కౌంటీలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పట్టణంలో చిన్న స్థానిక మ్యూజియం ఉంది. అక్కడ ఒక గదిలో కొత్తగా బూత్‌లు కడుతూ నన్ను పిలిచారు. ఒక్కో బూత్‌లోకి వెళ్లి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఒక్కో కాలపు మనిషి గొంతు వినపడాలి. తెర మీద అక్షరాలు వద్దు, గోడ మీద వివరణ వద్దు, గొంతు ఒక్కటే చాలన్నది వాళ్ల ఆలోచన. "ఎంత పాతదైనా మన భాషే కదా, వింటే అదే తెలిసిపోతుంది" అన్నారు.

నాటకాల్లో నటులకు యాస నేర్పే డయలెక్ట్ కోచ్‌గా బతుకుతున్నాను. చదువుకున్నది ఇంగ్లిష్ భాషా చరిత్ర. మా ఊరు విజయనగరం దగ్గర పల్లె. గొంతులు తయారుచేసి ఇవ్వడం నా పని, అంతవరకు చేసి డబ్బు తీసుకుని రావచ్చు. కానీ వినేవాళ్లకి ఎంత అందుతుందో చూడకుండా బూత్‌లు కట్టేయడానికి మనసొప్పలేదు. ముందు ఆరుగురిని కూర్చోబెట్టి వినిపిద్దాం అన్నాను. ఒప్పుకున్నారు. ఆ నాలుగు సాయంత్రాల్లో చూసింది ఇక్కడ రాస్తున్నాను. ఆరుగురితో లెక్కలు కట్టలేం, శాతాలు చెప్పలేం. కానీ ఒక్కొక్కరూ ఎక్కడ ఆగిపోయారో, ఎందుకు ఆగిపోయారో దగ్గర నుంచి చూడొచ్చు.

ఒకే కథ, వేర్వేరు కాలాలు

ఒక్కో కాలానికి ఒక్కో విషయం వినిపిస్తే, భాష కష్టమైందో విషయం కష్టమైందో తేలదు. అందుకే అన్ని కాలాల్లోనూ దొరికే ఒకే కథ కావాలి. బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి కథ తీసుకున్నాను. చిన్న కొడుకు తన వాటా పంచమంటాడు, దూరదేశం పోయి అంతా తగలేస్తాడు, కరువొస్తే పందులు మేపుకుంటాడు, చివరికి ఇంటికి తిరిగొస్తాడు.

ఈ కథ సుమారు 1000వ సంవత్సరం నాటి వెస్ట్ సాక్సన్ సువార్తల్లో ఉంది. వెస్ట్ సాక్సన్ అంటే పాత ఇంగ్లిష్‌లో ఒక యాస. 1390ల నాటి, మతసంస్కర్త విక్లిఫ్ అనుచరుల అనువాదంలో ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, అసలు మనుషుల గొంతులోనూ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి చిక్కిన బ్రిటిష్ సైనికుల యాసల్ని విల్హెల్మ్ డోగెన్ అనే ఆయన ఖైదీల శిబిరాల్లో 1916 నుంచి 1918 దాకా రికార్డు చేయించాడు. యాసల్ని పోల్చడానికి వాళ్లచేత చదివించింది ఈ కథనే. ఆ రికార్డింగుల నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మన దేశంలో గ్రియర్సన్ అనే పండితుడు లింగ్విస్టిక్ సర్వే, అంటే భాషల సర్వే, చేసినప్పుడు కూడా ఒక్కో భాషకి నమూనాగా ఈ కథనే సేకరించాడు. తెలుగు నమూనాలు 1906లో వచ్చిన నాలుగో సంపుటంలో ఉన్నాయి. భాషల్ని తూచేవాళ్లకి ఇది ఎప్పటినుంచో చేతికి అలవాటైన తూకపురాయి.

వినేవాళ్లలో ఒకరు యార్క్‌షైర్ నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ బస్ డ్రైవర్. ఒకావిడ స్కాట్లండ్‌లో అబర్డీన్ దగ్గర పల్లెలో పుట్టిన నర్సు. ఒకావిడ ఇక్కడే పుట్టి పెరిగిన టీచరమ్మ, రిటైరయ్యారు, ఆదివారం చర్చి తప్పరు. కాలేజీలో చదివే పదిహేడేళ్ల కుర్రాడు ఒకడు. నెదర్లాండ్స్ నుంచి పెళ్లి చేసుకుని వచ్చి ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే ఉన్న ఒకావిడ. ఆరో మనిషి గుంటూరు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, నన్ను అక్కా అని పిలుస్తాడు.

"అర్థమైందా?" అని మాత్రం ఎవర్నీ అడగలేదు. ఆ ప్రశ్నకి ఎవరైనా తలూపుతారు. విన్న వెంటనే ఒక్కొక్కరినీ పక్క గదిలోకి పిలిచి, "ఇప్పుడు విన్నది మీ మాటల్లో చెప్పండి" అన్నాను. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.

1916: కాలం కాదు, ఊరు

మొదటి సాయంత్రం సైనికుల గొంతులు. ఉత్తర ఇంగ్లండ్ సైనికుడి రికార్డింగ్ పెట్టగానే టీచరమ్మ ముఖం చిట్లించారు. కథ ఆవిడకు కంఠతా వచ్చు, అయినా సగం మాటలు పట్టుకోలేకపోయారు. డ్రైవర్‌గారు మాత్రం కళ్లు మూసుకుని విన్నారు. పక్క గదికి వచ్చి కథంతా వరసగా చెప్పి, "మా తాత ఇలాగే మాట్లాడేవాడు" అన్నారు. ఆవిడకు అరిగిపోయిన ప్లేటు గరగర మాత్రమే వినిపించిన చోట ఆయనకు ఇల్లు వినిపించింది.

ఎన్నేళ్ల వెనక్కి వెళ్తే ఇంగ్లిష్ అర్థం కాకుండా పోతుందని నన్ను చాలామంది అడుగుతుంటారు. నూరేళ్ల కిందటి గొంతు ఒకే గదిలో ఒకరికి పూర్తిగా అందింది, ఇంకొకరికి సగం కూడా అందలేదు. ఏ ఊరి మనిషి మాట, ఏ ఊరి మనిషి వింటున్నాడు అన్నది తేల్చకుండా ఏళ్లలో జవాబు చెప్పడం కుదరదని ఆ రాత్రే అనుకున్నాను.

1611: సరైన కథ, తప్పు దారి

ఇక్కడి నుంచి వెనక్కి అసలు గొంతులు లేవు. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ వచ్చిందే 1877లో. మరి 1611లో ఎలా మాట్లాడారో ఎలా తెలుస్తుందని అందరూ అడుగుతారు. కవిత్వంలో ప్రాసలు చెబుతాయి. ఇప్పుడు కలవని లవ్, ప్రూవ్ అనే మాటల్ని షేక్‌స్పియర్ ప్రాసగా కట్టాడు. ఉత్తరాల్లో స్పెల్లింగ్ తప్పులు చెబుతాయి, ఎందుకంటే చదువు తక్కువైనవాళ్లు చెవికి విన్నట్టే రాస్తారు. ఆ కాలపు వ్యాకర్తలు సూటిగానే చెప్పారు. జాన్ హార్ట్ 1569లోనే ఉచ్చారణ ప్రకారం స్పెల్లింగ్ మార్చాలని పుస్తకం రాశాడు. నాటకకర్త బెన్ జాన్సన్ రాసిన వ్యాకరణం ఆయన పోయాక 1640లో అచ్చయింది. అందులో ర అక్షరాన్ని కుక్క గుర్రుమనే అక్షరం అంటాడు. మాట మొదట్లో గట్టిగా, మధ్యలోనూ చివరా పలచగా పలుకుతుందని రాశాడు. అంటే ఇవాళ లండన్‌వాళ్లు మింగేసే ర అప్పుడు వినపడేది. 2004లో లండన్‌లోని గ్లోబ్ థియేటర్‌లో భాషా పండితుడు డేవిడ్ క్రిస్టల్ సాయంతో రోమియో అండ్ జూలియట్‌ని ఇలాంటి ఆధారాలతో తయారైన పాత ఉచ్చారణలో ఆడారు. నా నటుడికి నేర్పిందీ ఆ పద్ధతిలోనే.

అందరికీ అందింది. గుంటూరు తమ్ముడికైతే సులువుగా అందింది. "ఫాదర్ అన్నప్పుడు చివర ర్ పలికాడు అక్కా, మనలాగే" అన్నాడు. నిజమే. మనం నేమ్ అని దీర్ఘంతో పలికినప్పుడు కూడా, నెయ్మ్ అని సాగదీసే ఇవాళ్టి లండన్ మాట కన్నా పదిహేడో శతాబ్దపు మాటకే దగ్గరగా ఉంటాం. ఉచ్చారణ బాగోలేదని చిన్నప్పటినుంచి తిట్లు తిన్న మనవాళ్లకి ఈ సంగతి తెలియాలని నాకు చాలా కోరిక.

అసలు పాఠం మాత్రం ఆ పదిహేడేళ్ల కుర్రాడు నేర్పాడు. వాడు ఈ కథ పుట్టి బుద్ధెరిగి వినలేదు. మిగతావాళ్లలో నలుగురికి ముందే తెలుసు. తమ్ముడు కూడా మిషన్ స్కూల్లో చదివినవాడే. కాబట్టి భాష ఎంత అందిందో నిజంగా తెలిసేది ఈ కుర్రాడి దగ్గరే. ఆ సంగతి ముందే ఊహించి, కథ తెలియనివాళ్లని ఇంకొందరిని పిలవాల్సింది నేను. పిలవలేదు. ఈ పరీక్షలో పెద్ద లోపం అదే.

కింగ్ జేమ్స్ పాఠంలో చిన్న కొడుకు తన సబ్‌స్టెన్స్‌ని రయటస్ లివింగ్‌తో వేస్ట్ చేశాడని ఉంటుంది. ఆస్తిని విచ్చలవిడి బతుకుతో పాడుచేసుకున్నాడని అర్థం. కుర్రాడు చాలా నమ్మకంగా చెప్పాడు: "వాడు ఇల్లు వదిలి వెళ్లి, పార్టీలు చేసుకుని, డ్రగ్స్‌కి అలవాటు పడి, ఉన్నదంతా పోగొట్టుకున్నాడు." డ్రగ్స్ ఎక్కడి నుంచి వచ్చాయని అడిగాను. "సబ్‌స్టెన్స్ అన్నాడుగా. వేస్టెడ్ అని కూడా అన్నాడు." ఇవాళ్టి కుర్రాళ్ల భాషలో సబ్‌స్టెన్స్ అంటే మత్తుపదార్థం, వేస్టెడ్ అంటే ఒళ్లు తెలియని మత్తు. కథ సరిగ్గానే చెప్పాడు. కానీ చేరిన దారి పూర్తిగా వేరు.

నేను "అర్థమైందా" అని అడిగి ఉంటే వాడు అవుననేవాడు, నేను టిక్కు పెట్టేసేదాన్ని. మాట తెలియకపోతే మనిషి ఆగి అడుగుతాడు. తెలిసిన మాటే లోపల అర్థం మార్చుకుని కూర్చుంటే ఆగడు, ధైర్యంగా ముందుకు పోతాడు. అక్కడి నుంచి నా చెవి అలాంటి మాటల మీదే పెట్టాను.

పద్దెనిమిదో శతాబ్దానికి విడిగా బూత్ పెట్టలేదు, పెట్టాల్సిన అవసరం కూడా కనపడలేదు. అలెగ్జాండర్ పోప్ 1714 నాటి పద్యంలో టీ అనే మాటని ఒబే అనే మాటతో ప్రాస కలిపాడు. అంటే ఆయన తాగింది టీ కాదు, టే. ఇలాంటివి విన్నవాళ్లు ఒక్క క్షణం ఆగి సర్దుకుంటారు.

1390లు: అచ్చులన్నీ మెట్లెక్కక ముందు

మూడో సాయంత్రం గది మారిపోయింది. విక్లిఫ్ అనుచరుల అనువాదం ఇలా మొదలవుతుంది. ఆనాటి ఉచ్చారణని మన లిపిలో వీలైనంత దగ్గరగా రాస్తున్నాను: "ఎ మాన్ హద్దె త్వెయ్ సునెస్. అండ్ ద యుంగెర్ ఒఫ్ హెమ్ సెయ్దె టు ద ఫాదిర్: ఫాదిర్, యివె మే ద పొర్సియూన్ ఒఫ్ కతెల్..."

ఇలాంటి ఉచ్చారణలు రాయడానికి తెలుగు లిపికి మించిన లిపి లేదని నాకు ఈ పని చేస్తున్నప్పుడల్లా అనిపిస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలకు ఆ వీలు లేకపోవడానికి కారణం కూడా ఈ కాలంలోనే ఉంది. సుమారు 1400 నుంచి 1700 లోపు ఇంగ్లిష్‌లో దీర్ఘాచ్చులు వరసగా నోట్లో ఒక్కో మెట్టు పైకెక్కాయి. దీన్ని మహా అచ్చుల మార్పు అనొచ్చు. డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ పెట్టిన పేరు అది. నామె అన్నది నేమ్ అయింది. మేట్ అన్నది మీట్ అయింది. బోట్ అని పలికిన మాట బూట్ అయింది. అప్పటికే పైమెట్టు మీదున్న ఈ, ఊలకి ఎక్కడానికి చోటు లేదు. అవి విరిగి ఐ, ఔ అయ్యాయి. టీమె టైమ్ అయింది, హూస్ హౌస్ అయింది. యూరప్‌లో చాలామంది ఆ, ఏ, ఈ అని చదువుకునే అక్షరాల్ని మన పిల్లలు ఏ, ఈ, ఐ అని చదవాల్సి రావడం వెనక ఉన్నది ఈ మార్పే. అది నడుస్తుండగానే 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చులో స్పెల్లింగులు నెమ్మదిగా గడ్డకట్టుకుపోయాయి, నోళ్లు మాత్రం ముందుకు సాగిపోయాయి. వీరుడు అనే అర్థమున్న నైట్ మాట ముందున్న మూగ అక్షరం, కె, ఒకప్పుడు మూగది కాదు. సైనిక వీరుడిని క్నిఖ్ట్ అని, గొంతులో రాపిడితో పిలిచేవాళ్లు.

ఈ మెట్లు ఎక్కినవాళ్లకి కింద మెట్టు మీదున్నవాళ్ల మాట అందడం కష్టం. టీచరమ్మ, కుర్రాడు రెండు మూడు వాక్యాల దాకా ఇది ఇంగ్లిష్ అనే పట్టుకోలేకపోయారు. అబర్డీన్ నర్సమ్మ మాత్రం మధ్యలోనే నవ్వడం మొదలుపెట్టారు. స్కాట్లండ్‌లో ఆవిడ పుట్టిన వైపు ఇల్లు ఇప్పటికీ హూస్ అనే, రాత్రి ఇప్పటికీ నిఖ్ట్ అనే. పై మెట్టు ఎక్కని అచ్చులు, రాలిపోని హల్లులు కొన్ని ఆవిడ నోట్లో ఇంకా ఉన్నాయి. తమ్ముడు కూడా ఫాదిర్ దగ్గర తలెత్తాడు. అప్పట్లో ఆ మాట మధ్యలో ఉన్నది ఇవాళ్టిలా పళ్ల మధ్య నాలుక పెట్టి పలికే శబ్దం కాదు, దకారమే. మనం పలికే ఫాదర్‌కి అది చుట్టం.

అందరూ తడబడిన చోటు మాత్రం ఒకటే, కతెల్, ఇవాళ్టి క్యాటిల్. రెండోసారి నెమ్మదిగా వినిపించాక దాదాపు అందరూ ఒకే కథ చెప్పారు. తండ్రికి గొడ్లున్నాయి, చిన్న కొడుకు తన వాటా గొడ్లు అడిగాడు. ఆపైన పాఠంలో తండ్రి ఆ కతెల్‌ని "దెపార్తిదె" చేశాడని ఉంటుంది. పంచిపెట్టాడని అర్థం. డ్రైవర్‌గారు దాన్ని ఇవాళ్టి డిపార్ట్, అంటే బయల్దేరడం అనుకున్నారు. పైగా ఆయన జీవితమంతా బస్సులు బయల్దేరదీసిన మనిషి. "గొడ్లు తోలుకుని బయల్దేరాడు, అవి ఏ మంచులోనో చచ్చిపోయి ఉంటాయి, అందుకే పందుల దగ్గర పనికి కుదిరాడు" అన్నారు. ఎంత చక్కగా అతికిందో చూడండి. ఒక్క మాట కూడా ఆయనకు కొత్తది కాదు, అయినా కథ మారిపోయింది.

ఆ రోజుల్లో కతెల్ అంటే ఆస్తి. పశువులే ఆస్తిగా ఉన్న రోజుల్లో ఆ మాట క్రమంగా పశువుల మీదకి జారి అక్కడే ఉండిపోయింది. ఇది విని తమ్ముడు ఆశ్చర్యపోయాడు గానీ నేను పోలేదు. మా వైపు పల్లెల్లో పశువుల్ని సొమ్ములంటారు. "సొమ్ములు తోలుకెళ్లాడు" అంటే గుంటూరు మనిషి నగలు పట్టుకుపోయాడనుకోవచ్చు. మావాళ్లకి మాత్రం ఆవులు, గేదెలు కళ్ల ముందు కదులుతాయి.

ఇంకో మాట. పందులు తినే తొక్కలతో వాడు తన వుంబె నింపుకోవాలనుకున్నాడని ఆ పాఠంలో ఉంది. ఆ మాటే ఇవాళ్టి ఊమ్, దానికి ఇవాళ గర్భసంచి అనే అర్థం మాత్రమే. టీచరమ్మ దానికి చాలా ఇబ్బంది పడ్డారు, నేను పాఠం తప్పు చదివించానేమో అని కూడా అడిగారు. అప్పట్లో ఆ మాటకి పొట్ట అనే అర్థం కూడా ఉంది. ఆకలితో ఉన్న కొడుక్కీ, నెలలు నిండుతున్న కూతురికీ ఒకే కడుపు అనే మాట వాడే మనకి ఇందులో వింత ఏమీ లేదు. "కడుపు అక్కా!" అని తమ్ముడు ఒక్క మాటలో తేల్చేశాడు. పాత ఇంగ్లిష్ అందుకోవడానికి కొత్త ఇంగ్లిష్ ఎంత బాగా వచ్చన్నది ఒక్కటే కొలత కాదని నాకు గట్టిగా అనిపించిన క్షణం అది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మొదట వినిపించిన రికార్డింగ్ నెమ్మదిగా, మాటకీ మాటకీ సందు వదిలి చదివించింది. క్లాసులో పాఠం చెప్పే అలవాటు పోక అలా చేయించాను. డ్రైవర్‌గారే అడిగారు: "వాళ్లు నిజంగా ఇంత మెల్లగా మాట్లాడుకునేవాళ్లా?" సిగ్గేసింది. ఏ కాలంలోనైనా మనుషులు మాటలు కలిపేసి, మింగేసి మాట్లాడతారు. మామూలు మాటల వేగంతో మళ్లీ రికార్డు చేసి వినిపిస్తే, నర్సమ్మ తప్ప అందరి చేతుల్లోంచీ కథ జారిపోయింది. మొదటి రికార్డింగ్‌లో అందినదంతా సగం నా సాయమే.

1490: గుడ్లు

కథ ముందే తెలిసినవాళ్లు ఎక్కువైపోయారన్న లోపాన్ని సరిచేయడానికి, ఎవరికీ తెలియని చిన్న సంభాషణ ఒకటి కావాల్సి వచ్చింది. అదృష్టం కొద్దీ అది ఈ కెంట్ తీరంలోనే దొరికింది. కాక్స్‌టన్ 1490లో తను అచ్చువేసిన ఒక పుస్తకానికి ముందుమాట రాస్తూ ఈ సంగతి చెప్పాడు. థేమ్స్ నది మీదుగా ఓడలో సముద్రం అవతలి జీలండ్ వెళ్తున్న వర్తకులు గాలి లేక ఇక్కడి తీరంలో ఆగారు. ఒకాయన ఒక ఇంటికి వెళ్లి ఎగ్గిస్ కావాలని అడిగాడు. ఆ ఇల్లాలు "నాకు ఫ్రెంచి రాదయ్యా" అంది. ఆయనకు కోపం వచ్చింది, ఎందుకంటే ఆయనకూ ఫ్రెంచి రాదు. చివరికి ఇంకొకాయన ఐరెన్ కావాలన్నాడు. అప్పుడు ఆవిడకి అర్థమైంది. రెండూ గుడ్లే. ఎగ్ అన్నది వైకింగులతో ఉత్తరాన దిగిన మాట, ఐరెన్ అన్నది ఇక్కడి పాత మాట. అంటే అయిదు వందల ఏళ్ల దూరం అక్కర్లేదు, ఒకే కాలంలో ఒకే దేశంలోనే ఆ ఇల్లాలికి ఎదుటి మనిషి పరదేశిలా వినిపించాడు. మా ఇంట్లో ఆనపకాయ కూర అంటే సొరకాయ అనేవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. ఇక్కడ అది ఫ్రెంచి దాకా పోయింది.

ఈ సంభాషణని ఇద్దరు నటులతో చేయించి వినిపించాను. ఎగ్గిస్ అందరికీ అందింది, ఐరెన్ నలుగురికి అందలేదు, అయిదో మనిషి ఇనుమా అని అడిగారు. నెదర్లాండ్స్ ఆవిడ మాత్రం ఆ మాట వినపడగానే కుర్చీలోంచి లేచారు. వాళ్ల భాషలో గుడ్లని ఇప్పటికీ ఐయెరెన్ అనే అంటారు. ఆ వర్తకులు వెళ్తున్న జీలండ్ ఆవిడ దేశంలోదే. అక్కడికి చేరాక వాళ్లకి గుడ్లు తేలిగ్గానే దొరికి ఉంటాయన్నారు.

1000: అందిన ఒకే ఒక్క వాక్యం

చివరి సాయంత్రానికి నాకే టెన్షన్. వెస్ట్ సాక్సన్ పాఠం ఇలా మొదలవుతుంది: "సోథ్లిచె సుమ్ మాన్ హాఫ్డె త్వేయెన్ సునా." నిజంగా ఒక మనిషికి ఇద్దరు కొడుకులుండేవారు. కుర్రాడు దీన్ని పట్టుకున్నాడు! ఎవరో ఒకాయన, ఏదో ఉంది, కొడుకు, అన్నాడు. ఆ తర్వాత మొత్తం చీకటి. ఒక్క సిలె అనే మాట దగ్గర మళ్లీ వెలుగు కనపడింది. "వాటా నాకు అమ్మమంటున్నాడు" అన్నాడు. అదీ జారుడు మెట్టే. ఇవాళ సెల్ అయిన ఆ మాటకి అప్పుడు అర్థం ఇవ్వడం. కొడుకు తండ్రిని ఇవ్వమన్నాడు, కుర్రాడికి బేరం వినిపించింది.

మిగతావాళ్లు కథ తెలుసు కాబట్టి ఊహించారు గానీ మాటలు పట్టుకోలేదు. నర్సమ్మ కూడా చేతులెత్తేశారు. నెదర్లాండ్స్ ఆవిడకి మాత్రం వాటా అనే మాట, పంది అనే మాట అందాయి, ఎందుకంటే ఇంగ్లిష్ వదిలేసిన పాత చుట్టరికాలు కొన్ని డచ్ భాష అట్టేపెట్టుకుంది. 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు దండెత్తి వచ్చాక ఇంగ్లిష్‌లోకి వేల కొద్దీ ఫ్రెంచి మాటలు చేరాయి, సొంత మాటలు బోలెడు రాలిపోయాయి, విభక్తి ప్రత్యయాలు అరిగిపోయాయి. ఎవరు ఎవరికి ఏం చేశారన్నది అప్పట్లో మాట చివర తెలిసేది, ఇవాళ వరసలో తెలుస్తుంది. అందుకే ఒకటి రెండు మాటలు చిక్కినా వాక్యం నిలబడదు. తెలుగులో ఇంచుమించు అదే కాలానికి, పదకొండో శతాబ్దంలో, నన్నయ ఉన్నాడు. పద్యం విన్నవాళ్లకి అర్థం చెప్పేవాళ్లు కావాలి, నిజమే. అయినా వాక్యం ఎముకలు మనవేనని చెవికి తెలుస్తుంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో ఆ ఎముకలు కూడా మారిపోయాయి.

వాదన కోసమైనా ఒకటి చెప్పాలి. బూత్ తిరిగి మాట్లాడదు. 1390ల మనిషి ఎదురుగా నిలబడితే మళ్లీ అడగొచ్చు, వేలుతో చూపించొచ్చు, రొట్టె ముక్క పట్టుకుని పేరు చెప్పించుకోవచ్చు. నాలుగు రోజులు కలిసి పనిచేస్తే అచ్చులు ఏ మెట్టు మీదున్నాయో చెవి తనంతట తనే పట్టుకుంటుందని నటులతో పనిచేసిన అనుభవం మీద చెప్పగలను. వెయ్యేళ్ల కిందటి మనిషితో అయితే అది పరాయి భాష నేర్చుకోవడమే. కవి చాసర్ 1380ల్లోనే రాశాడు: వెయ్యేళ్లలో మాట రూపు మారిపోతుంది, ఒకప్పుడు విలువున్న మాటలు ఇప్పుడు మనకి వింతగా తోస్తాయి, అయినా వాళ్లు అలాగే మాట్లాడుకున్నారు, ప్రేమ విషయంలో మనకేమీ తీసిపోలేదు అని.

బూత్‌లు చివరికి ఎలా కట్టాం

రాసుకున్న కాగితాలు మ్యూజియం వాళ్ల ముందు పెట్టాను. ఎక్కువ వాదించాల్సిన పని పడలేదు. డ్రైవర్‌గారి గొడ్ల కథ ఒక్కటి చదివి వినిపిస్తే చాలింది.

1916 బూత్‌లో ఒక సైనికుడికి బదులు ఉత్తరానిది ఒకటి, దక్షిణానిది ఒకటి, రెండు గొంతులు పక్కపక్కనే పెట్టాం, వచ్చినవాళ్లు తమ ఊరి దగ్గరిది ఎంచుకోవచ్చు. 1611 గొంతు మామూలు వేగంతో, మొత్తం పాఠం తెర మీద లేకుండానే వినపడుతుంది. సబ్‌స్టెన్స్ అన్నచోట మాత్రం ఆనాటి అర్థం ఒక్క మాటగా తెర మీద వెలిగి ఆరిపోతుంది. 1390ల బూత్ మీద ఎక్కువ పని పట్టింది. మొదటిసారి అసలు వేగంతో, ఏ సాయమూ లేకుండా వినిపిస్తాం. రెండోసారి అదే గొంతు, ఈసారి పాఠం తెర మీద కదులుతుంది. అందులో కతెల్, దెపార్తిదె, వుంబె, ఈ మూడింటికి మాత్రమే రంగు మార్చి పక్కన అర్థం ఇచ్చాం. తెలియని మాటలకి అర్థాలు ఇవ్వలేదు. అవి మనిషిని ఎలాగూ ఆపుతాయి. తెలిసినట్టు కనపడే మాటలకే ఇచ్చాం. వెయ్యో సంవత్సరపు గొంతుని నిమిషం లోపుకి కుదించి, ముందు ఇవాళ్టి ఇంగ్లిష్‌లో కథ చెప్పించి ఆ తర్వాత వినిపిస్తున్నాం.

గుడ్ల బూత్‌లో ఎక్కడా తెర పెట్టలేదు, అర్థం ఇవ్వలేదు. లోపల చిన్న గట్టు మీద ఒక బుట్ట, బుట్టలో మట్టితో చేసిన గుడ్లు. గొంతు ఎగ్గిస్ అని ఒకసారి, ఐరెన్ అని ఒకసారి అడుగుతుంది. రెండోసారి అడిగాకే బుట్ట మీద దీపం వెలుగుతుంది.